పన్నెండు మందికే అనుమతి

"నన్ను తొక్కుకుంటూ ఎక్కండి. అంతేగానీ నేను మాత్రం జరగను."

సిస్టరత్త ఏడో మెట్టు మీద కూర్చుని అరగంట దాటింది. ఒళ్ళో తడిసిన గొడుగు, దాని మీద రెండు చేతులు. తలకు మూరెడు ఎత్తున గోడమేకుకి పసుపుపచ్చ రేకుబిళ్ళ వేలాడుతోంది. దాని మీద నల్లరంగులో పన్నెండు అంకె.

ఆమె కిందనున్న మెట్ల మీద మెట్టుకొకటి చొప్పున కుర్చీలు ఆగిపోయాయి. అన్నిటికన్నా కింద కొత్తకోడలి మొగుడు నెత్తిన రెండు కుర్చీలు పెట్టుకుని నిలబడ్డాడు. కళ్ళద్దాల షాపులో రోజంతా కూర్చుని పనిచేసే మనిషి, మెడ వంకరపోయింది. అయినా భార్య కనిపించగానే కుర్చీకాళ్ళ మధ్యనుంచి కన్ను కొట్టాడు. కొత్తకోడలికి నవ్వాగలేదు. చావు జరిగిన ఇంట్లో నవ్వితే బాగుండదని మంచినీళ్ళ చెంబు పెదాలకు అడ్డం పెట్టుకుంది.

"చెల్లాయ్, నువ్వు ప్రసవాల వార్డులో ముప్పైయేళ్ళు అందర్నీ అదిలించి పనిచేశావు. ఇది వార్డు కాదు. లే," అన్నాడు మామగారు. ఆయన వకీలు. కింద నిలబడి కూడా బోనులో సాక్షిని చూసినట్టే చూస్తాడు.

"నాన్న బతికుండగా ఈ మెట్లెక్కి పదమూడోవాడు పైకి పోలేదు, అన్నయ్యా. ఆయన పోయి ఇరవై రోజులు కాలేదు, డెబ్బైమందిని ఎక్కిస్తావా?"

"మరి ఎక్కడ కూర్చోబెట్టను? నీ గొడుగు కిందా?"

పెరట్లో, పైకెళ్ళే ఇరుకు ఇనుపమెట్ల పక్కన వేసిన షామియానా పొద్దుటి వానకి నడుం విరిగి బురదలో పడుకుంది. నాలుగింటికి సభ. పెద్దాయన కట్టిన వంతెనల మీద పనిచేసినవాళ్ళు, ఆయనతో యుద్ధంలో ఉన్నవాళ్ళు, ఆయన దళంలో తరవాత చేరినవాళ్ళు, ఊళ్ళో పెద్దమనుషులు, అందరూ వస్తున్నారు. కింద ఉన్నవి మూడు ఇరుకు గదులు. మిగిలింది పైనున్న హాలు ఒక్కటే. అక్కడే పెద్దాయన బల్ల, నకషాలు, పతకాలు అన్నీ ఉన్నాయి. సిస్టరత్త వచ్చేసరికే ఇరవై కుర్చీలు పైకి చేరాయి. ఇరవై ఒకటో కుర్చీ ఆమె మోకాలికి తగిలి ఆగింది.

"తీర్మానం అయిందా, లేకపోతే నేనూ ఓ మెట్టు చూసుకుని కూర్చోనా?" వంటింట్లోంచి అత్తగారు కప్పుల పళ్ళెంతో వచ్చింది. "ముప్పైఅయిదేళ్ళు ఆయన పన్నెండుతో కాపురం చేశాను. కొడుకు పుట్టినప్పుడు మావాళ్ళు చూడటానికొస్తే, పైన అప్పటికే ఇంట్లోవాళ్ళం అయిదుగురం గనుక, ఏడుగురు పైన, ఎనిమిదిమంది కింద. మా అమ్మ కింద ఉండిపోయింది, మనవడు పైన ఉన్నాడు. చంటిపిల్లాణ్ణి కూడా లెక్కేశాడు మహానుభావుడు. మనిషి పోయాడు గానీ ఆయన లెక్కలు మాత్రం చచ్చి సాధిస్తున్నాయి."

"వదినా, నాన్నని అలా అనకు."

"నువ్వు ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసిపోయే నాన్న ఆయన. నేను రోజూ చూసిన మామగారు. భోజనాల బల్ల మీద కంచంకన్నా ముందు మట్టంబద్ద పెట్టి, బుడగ మధ్యకొచ్చిందాకా అన్నం పెట్టనివ్వని మామగారు."

అత్తను సమర్థిస్తే అమ్మకు కోపం, అమ్మను సమర్థిస్తే అత్తకు కోపం. మొగుడు ఆ సంగతి ఎరిగినవాడు గనుక, నోరు మూసుకుని కుర్చీలు నెత్తి మీదనుంచి భుజం మీదికి మార్చుకున్నాడు.

కొత్తకోడలికి ఒక్కసారి ఇద్దర్నీ పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. పొద్దుటినుంచి ఇదే పాట. చెప్పేది ఇద్దరూ నిజమే, వినేది ఎవరూ లేరు.

ఆమెకు పెద్దాయన అంటే తెలిసింది నలభై రోజులే. తొంభైయారేళ్ళ జీవితంలో ఆఖరి నలభై. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన సాయంత్రం, పైనున్న చిన్నగది కొత్తజంటకి ఇస్తూ ఆయన ఒక చీటీ పంపాడు. వణికే చేత్తో, అయినా గీత గీసినట్టు నిటారుగా రాసిన అక్షరాలు: "గది పరిశీలించాను. ఇద్దరికి అనుమతి. ముగ్గురైనా ఇబ్బంది లేదు." కింద సంతకం, తేదీ. మొగుడూ పెళ్ళామూ దిండులో మొహాలు దాచుకుని నవ్వారు. ఆ చీటీ ఇప్పటికీ ఆమె చీరల మడతల్లో ఉంది.

"సరే, నా పెళ్ళాం తరఫునా కాదు, నా చెల్లెలి తరఫునా కాదు," అన్నాడు మామగారు, జేబులోంచి కాగితాలు తీస్తూ. "ఇది నాన్న గౌరవానికి సంబంధించిన విషయం. నేనేం రాశానో విను, తరవాత నువ్వే లేస్తావు."

గొంతు సవరించుకుని చదివాడు. ఇరవై ఏళ్ళకి సైన్యంలో చేరడం, నదుల మీద వంతెనలు వేసే దళం, భుజాన దుంగ మోస్తుండగా తగిలిన తూటా, యుద్ధం అయ్యాక మళ్ళీ విద్యార్థిగా కాలేజీ బెంచీ ఎక్కడం, తనకన్నా చిన్నవాళ్ళ పక్కన కూర్చుని పాసవడం, ఆ తరవాత ముప్పైతొమ్మిదేళ్ళలో అరవైరెండు వంతెనలు.

"'అరవైరెండిటిలో ఒక్కటి కూలలేదు. యుద్ధంలోగానీ, శాంతిలోగానీ, ఆయన వేసిన వంతెన ఏనాడూ ఎవరినీ మోసం చెయ్యలేదు,'" అని మామగారు ఆగాడు. చప్పట్లకు వదిలిన ఖాళీ అది.

కొత్తకోడలు చెంబు అంచు మీద వేలు తిప్పింది. ఆమెకు ఒక వంతెన తెలుసు. కానీ ఇప్పుడు అనాల్సిన మాట కాదు.

"చివర చూడు," అన్నాడు మామగారు, గొంతు తగ్గించి. "'కన్నుమూసే ముందు ఆయన అన్న ఆఖరి మాట, అయితే సరే అని. తొంభైయారేళ్ళ బతుకుని పరిశీలించి, ఇంజనీరుగారు పెట్టిన ఆఖరి సంతకం అది.'"

సిస్టరత్త కళ్ళు తుడుచుకుంది. అయినా లేవలేదు.

కొత్తకోడలి గుండె మాత్రం ఉబ్బింది. ఆ మాట ఆయన అన్నది ఆమెతోనే. పోవడానికి రెండ్రోజుల ముందు, చూపు ఆనక, మంచం మీదనుంచి తలతిప్పి అడిగాడు. "అమ్మాయీ, పైన హాల్లో ఆ వానవైపు గోడ ఎలా ఉంది?" ఆమె ఆ పొద్దునే మొగుణ్ణి సాయం పట్టి గోడంతా కడిగి, సున్నం వేయించింది. "అద్దంలా ఉంది తాతగారూ. ఒక్క మచ్చ లేదు," అంది సంబరంగా. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే సరే," అని కళ్ళు మూసుకున్నాడు. గుమ్మంలో ఉన్న మామగారికి ఆ రెండు మాటలే వినిపించాయి. తరవాత ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంత పెద్ద జీవితానికి చివరి తృప్తి తన చేతిమీదుగా వెళ్ళిందని ఆమె ఎవరికీ చెప్పకుండా మురిసిపోతూనే ఉంది.

"ఏడుపూ అయింది, చదవడమూ అయింది," అంది అత్తగారు. "ఇక దీని సంగతి చూద్దాం." పళ్ళెం కింద పెట్టి, ఆడపడుచు తలమీదుగా చెయ్యి చాచి, మేకునుంచి పసుపు బిళ్ళ తీసేసింది. ముప్పైఅయిదేళ్ళుగా దాని వెనక ఎండ తగలని గోడ గుండ్రంగా తెల్లగా బయటపడింది. "ఇదుగో అమ్మాయ్, దీన్ని ఎక్కడైనా పడెయ్."

బిళ్ళ కొత్తకోడలి చేతిలో పడింది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

అప్పుడే వీధిగుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడయింది. తూకం మేస్త్రి. ఏది చూసినా నిలువు సరిగా ఉందో లేదోనని ఒక కన్ను మూసి చూస్తాడు కాబట్టి ఆ పేరు. నలభై ఏళ్ళు పెద్దాయన వెనక ఇటుకలు పేర్చినవాడు. వస్తూనే అలవాటుగా మెట్లవైపు ఒక కన్ను మూసి చూశాడు.

"అయ్యగారి బిళ్ళ ఏదీ?"

"సమయానికొచ్చావు మేస్త్రీ," అన్నాడు మామగారు. "నువ్వు చెప్పు. పైన డెబ్బైమంది కూర్చోవచ్చా, కూడదా? మా చెల్లెలు నా మాట వినదు. నువ్వు ఔనంటే లేస్తుంది. ఏమే, లేస్తావా?"

"మేస్త్రి చెబితే లేస్తాను," అంది సిస్టరత్త. "కాదన్నాడో, నువ్వు సభ మానుకోవాలి."

"ఒప్పుకున్నా."

"నన్నెందుకు ఇరికిస్తారు బాబుగారూ," అన్నాడు మేస్త్రి. "నేను చెప్పడమేమిటి, గోడే చెబుతుంది. చూసొస్తాను."

సిస్టరత్త అతనికి మాత్రం మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చింది. అతను ఎక్కాడు. పెరటివైపు ఏదో వ్యాను హారను మోగింది. "ఇప్పుడే వచ్చేశారా, ఖర్మ," అంటూ అత్తగారు వెనక్కి పరుగెత్తింది. వాన మళ్ళీ జోరందుకుంది. పెరటి చూరు రేకుల మీద ఆ మోత ఎంతుందంటే, మామగారు తనకు తాను చదువుకుంటున్న ప్రసంగం పెదాల కదలికే తప్ప మాట వినిపించలేదు.

మేస్త్రి దిగివచ్చాడు. వెళ్ళినప్పటి మొహం కాదు.

"పట్టీలు లేవు," అన్నాడు.

"ఏం పట్టీలు?"

"గాజు పట్టీలు, బాబుగారూ. వానవైపు గోడకి, పైన దూలం కిందా, ఏడు చోట్ల. అయ్యగారూ నేనూ కలిసి పెట్టాం. గోడ బీటవారినచోట, బీటకి అటూ ఇటూ ఆనేటట్టు సన్నటి గాజుముక్క అడ్డంగా అతికిస్తాం. గోడ కదలకపోతే అదీ అలాగే ఉంటుంది. కదిలిందనుకోండి, ఇటుక ఓర్చుకుంటుంది, సున్నం సర్దుకుంటుంది, గాజు మాత్రం ఓర్చుకోదు. పుటుక్కున విరుగుతుంది. పక్కన పెన్సిలుతో తేదీ రాసేవారు. నెలనెలా చూసుకునేవారు. మంచం పట్టాక నన్ను చూడమన్నారు. నాకు కాలు విరిగి మూడు నెలలు రాలేకపోయాను."

"ఇప్పుడు గోడ ఎలా ఉంది?"

"గోడ కనబడితే కదా. మీద పూత ఉంది. శుభ్రమైన పూత. పూతకేం తెలుసు, పాపం."

కొత్తకోడలి చేతిలో రేకుబిళ్ళ చల్లగా తగిలింది. ఆ ఏడు గాజుముక్కలూ ఆమెకు తెలుసు. ఎవరో మొరటుగా అతికించి మరిచిపోయిన పాత రిపేరు అనుకుంది. కూరగాయల కత్తితో ఒక్కొక్కటే పెళ్ళగించింది. పెన్సిలు గీతలు తడిగుడ్డతో తుడిచింది. సన్నటి బీటలుంటే వేలితో సున్నం అద్ది మూసింది. పని అయ్యాక దూరంగా నిలబడి, ఎంత బాగుందో చూసుకుంది. మొగుడు కూడా చూసి, "నువ్వు చెయ్యి పెడితే ఇల్లే మారిపోతుంది," అన్నాడు.

"ఎవరు తీశారు?" సిస్టరత్త మొదటిసారి మెట్టు మీదనుంచి లేచింది.

"నేనే," అన్నాడు మొగుడు, కుర్చీలు దించుతూ. "సున్నం వేసేటప్పుడు అడ్డంగా ఉంటే తీశాను."

"నువ్వా? చీపురు ఎక్కడుంటుందో కూడా తెలియనివాడివి."

కొత్తకోడలికి అతని మీద ప్రేమా చిరాకూ ఒక్కసారే వచ్చాయి. ఇంత తెలివితక్కువగా అబద్ధమాడే మనిషి ఇంకొకడు ఉండడు.

"ఆయన కాదు. నేను తీశాను," అంది.

సిస్టరత్త చప్పున ఆమె వైపు తిరిగింది.

ముందుగా తేరుకున్నది మామగారు. ముప్పైయేళ్ళ కోర్టు అలవాటు. "దాందేముంది. తెలియక తీసింది. తీసేటప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి కదా అమ్మాయీ? ఒక్కటీ విరిగి లేదు. అంటే గోడ కదలలేదు. అంతే కదా? ఔనని చెప్పు, చాలు. గంటలో డెబ్బైమంది వస్తున్నారు."

"అన్నయ్యా, జవాబు కూడా నువ్వే చెబుతున్నావు," అంది సిస్టరత్త.

మేస్త్రి దగ్గరగా వచ్చాడు. గొంతులో నిష్ఠూరం లేదు, అదే ఆమెను మరీ నొప్పించింది. "తల్లీ, బాగా గుర్తు తెచ్చుకో. కత్తి పెట్టాక విరిగితే అది కత్తి పని. ముందే విరిగి ఉంటే గోడ పని. రెండిట్లో ఏది?"

ఔనంటే అయిపోతుంది. మామగారి మాట నిలబడుతుంది. కుర్చీలు పైకి పోతాయి. తన మీద నింద ఉండదు. పెద్దాయన తృప్తిగా పోయాడన్న మాటా ఉంటుంది.

కానీ ఆమె కుడిచేతి చూపుడువేలికి గాటు ఉంది. మానిపోయిన సన్నటి తెల్లగీత. ఆ రోజు దూలం కింద ఉన్న ముక్క ఎలా ఉందో చూద్దామని, కత్తి పెట్టకముందే, వేలితో రాసింది. మధ్యలో చురుక్కుమంది. రక్తం చూసి మొగుడు కంగారుపడి, కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ చించి కట్టు కట్టాడు. కట్టు కట్టినంతసేపూ వేలు వదల్లేదు. మూడు వారాలుగా ఆ గీత చూసుకున్నప్పుడల్లా ఆమెకు అతని చేతులే గుర్తుకొచ్చేవి. గాజు గుర్తుకు రాలేదు.

రేకుబిళ్ళ వెనక ఆమె బొటనవేలికి గరుకుగా ఏదో తగిలింది. మేకుతో గీకిన అంకె. తొమ్మిది.

అది అక్కడుంటుందని ఆమెకు తెలుసు. ఒక మధ్యాహ్నం చెంచాతో పాలు పట్టిస్తుంటే పెద్దాయనే చెప్పాడు. "ఆ బిళ్ళ యుద్ధంలోది. వంతెన మొదట్లో కడతాం, ఎన్ని టన్నులు మోస్తుందో రాసి. నా లెక్క తొమ్మిది. పైఅధికారి వచ్చి, అవతలి ఒడ్డున మనవాళ్ళు ఆకలితో ఉన్నారు, పన్నెండు రాయి అన్నాడు. ఇరవైమూడేళ్ళ వాణ్ణి. రాశాను. రెండు లారీలు దాటాయి. మూడోదాంట్లో మనుషులున్నారు." చెంచా చాలాసేపు గాలిలోనే ఉండిపోయింది. "అప్పుడు ఆ అంకె అబద్ధం. ఈ ఇంట్లో దాన్ని నిజం చేసి పెట్టాను. పదమూడోవాణ్ణి ఎక్కనివ్వలేదు." ఇంట్లో ఎవరికీ చెప్పని మాట నాకెందుకు చెప్పారని అడిగితే, "నువ్వు కొత్తదానివి. నామీద నీకింకా ఏ అభిప్రాయమూ లేదు," అన్నాడు.

"చెప్పు అమ్మాయీ," అన్నాడు మామగారు. "ఔనా?"

"కాదండీ మామయ్యగారూ." "దూలం కింద ముక్క ముందే విరిగి ఉంది. కత్తి పెట్టకముందే నా వేలు తెగింది. ఇదుగో."

చెయ్యి చాపింది. మేస్త్రి ఒక కన్ను మూసి ఆ తెల్లగీతను చూశాడు.

"తాతగారు అడిగితే ఒక్క మచ్చ లేదన్నాను," అందామె. "అందుకే ఆయన సరే అన్నారు. నా మాట నమ్మి అన్నారు. అది మీ ప్రసంగంలో చదవకండి."

మామగారు కాగితాల్ని నాలుగు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడిచాడు. మొగుడు వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"దూలం కిందనా," అన్నాడు మేస్త్రి మెల్లగా. "గోడంటే ఆగవచ్చు. దూలం అంటే ఆగకూడదు. తడిసినప్పుడే అది దిగేది. బాబుగారూ, సభ సంగతి తరవాత. ముందు పైన ఎవరూ లేకుండా చూడండి."

"పైన ఎవరున్నారు? కుర్చీలే కదా," అన్నాడు మామగారు.

వంటింటి గుమ్మంలో అత్తగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతవరకు విన్నదో. ముప్పైఅయిదేళ్ళలో ఆమె మొహంలో విసుగు లేకుండా ఈ ఇంట్లోవాళ్ళు చూడటం ఇదే మొదలు.

"వ్యానులో వచ్చారు," అంది. "మామగారి దళంవాళ్ళు. ముసలివాళ్ళు, వానలో తడుస్తుంటే చూడలేక పెరటి ఇనుపమెట్ల మీదుగా నేనే పైకి పంపాను. మీరిక్కడ తేల్చేసరికి తెల్లారుతుందని."

"ఎంతమంది, అమ్మగారూ?"

"లెక్కపెట్టలేదు. ఈ ఒక్కసారికి లెక్కపెట్టకూడదనుకున్నాను."

వాన ఒక్క క్షణం తెరిపిచ్చింది. ఆ నిశ్శబ్దంలో పైనుంచి ఒక బొంగురు గొంతు, పెద్దాయన ఫొటోకి వందనం అని ఆజ్ఞ ఇచ్చింది. ఇరవై కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి.